ఇంటి కంప్యూటర్ నిలకడగా లేదా? బోర్డు, ప్రాసెసర్ మార్చే ముందు చూడాల్సినవి

కంప్యూటర్ రోజుకు రెండుసార్లు దానంతట అదే రీస్టార్ట్ అవుతుంటే, చాలామంది మొదట చేసే పని విండోస్ మళ్లీ ఎక్కించడం. అప్పటికీ ఆగకపోతే ప్రాసెసర్ పోయిందనో, మదర్‌బోర్డు పోయిందనో తేల్చేసి డబ్బు పట్టుకుని దుకాణానికి బయలుదేరతారు. చాలా ఏళ్లుగా బంధువులకు, ఇరుగుపొరుగు వారికి కంప్యూటర్లు అమర్చి పెడుతున్నాను. ప్రాసెసర్ నిజంగా చెడిపోయిన సందర్భాలు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఎదురయ్యాయి. మిగిలినవన్నీ బోర్డుకు, ర్యామ్‌కు, విద్యుత్తు అందించే ఎస్‌ఎంపీఎస్‌కు, ప్రాసెసర్‌కు మధ్య పొత్తు కుదరకపోవడం వల్ల వచ్చినవే. ఆ పొత్తు కొనే రోజునే చూసుకోవాలి. అందుకే ఇక్కడ ఇప్పుడున్న జబ్బుకు మందుతో పాటు, మళ్లీ కొనేటప్పుడు ఏది చూడాలో కూడా చెబుతున్నాను.

ఒక్క నియమం మాత్రం ముందే పెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది కాగితం మీద రాయండి. ర్యామ్ తీసి, బయాస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మేల్కొలిపే సాఫ్ట్‌వేర్) మార్చి, విండోస్ ఎక్కించి, ఆ తర్వాత బాగైందంటే ఏది బాగుచేసిందో ఎవరూ చెప్పలేరు. ఆరు నెలలకు అదే సమస్య తిరిగొస్తే మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద బొమ్మ రావడం లేదు

కొత్తగా బిగించిన రోజు అందరినీ కంగారు పెట్టేది ఇదే. మొదట ప్రాసెసర్ పేరు చివర చూడండి. ఇంటెల్‌లో ఐ5-12400ఎఫ్ లాగా ‘ఎఫ్’ ఉంటే దానిలో గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీలో రైజెన్ 5 5600కు గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ పెట్టి మానిటర్ వైరును బోర్డు వెనుక గుచ్చితే ఎంతసేపు చూసినా బొమ్మ రాదు. గ్రాఫిక్స్ కార్డు ఉంటే వైరు ఆ కార్డుకే గుచ్చాలి.

అది కాకపోతే బయాస్ పాతదై ఉండవచ్చు. ఎల్‌జీఏ1700 సాకెట్‌లో 12, 13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్లు మూడూ కూర్చుంటాయి. అయితే 12వ తరం రోజుల్లో తయారై గోదాములో పడి ఉన్న బోర్డు, బయాస్ మార్చేదాకా 14వ తరాన్ని గుర్తుపట్టదు. బీ650 బోర్డులకు రైజెన్ 9000తోనూ, బీ450 బోర్డులకు రైజెన్ 5000తోనూ ఇదే చిక్కు. బోర్డుకు బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ ఎక్కించవచ్చు. అందుకే కొనేటప్పుడు ఆ బటన్ ఉన్న బోర్డుకు కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదంటాను. బటన్ లేకపోతే బయాస్ ఎక్కించి ఇమ్మని దుకాణంలోనే అడగండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట బోర్డూ ప్రాసెసరూ ఒకే దుకాణంలో తీసుకుంటే, అక్కడే వెలిగించి చూపమనడం మీ హక్కు.

డీడీఆర్5 బోర్డయితే ఇంకో సంగతి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్ల తెరతోనే ఉంటుంది. కంగారుపడి స్విచ్ ఆపేస్తే ఆ పరీక్ష మళ్లీ మొదలవుతుంది. పది నిమిషాలు చేయి కట్టుకుని ఉండండి.

ఉన్నట్టుండి రీస్టార్ట్, వారానికి నాలుగు నీలి తెరలు

విండోస్‌లో జరిగినవి రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ‘కెర్నల్-పవర్ 41’ అని కనిపిస్తుంది. దాన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ మార్చేసినవారు నాకు చాలామంది తెలుసు. నిజానికి ఆ 41 చెప్పేది కంప్యూటర్ సవ్యంగా ఆగలేదని మాత్రమే. ఎందుకు ఆగలేదో అది చెప్పదు. దాని పక్కన ‘డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్’ పేరుతో 18 లేదా 19 నంబరు ఉందేమో వెతకండి. ఉంటే తప్పు హార్డ్‌వేర్‌దే. ఆ వివరాల్లో ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ, అంటే ఏ కోర్‌లో తప్పు వచ్చిందో సూచించే సంఖ్య, ఉంటుంది. ప్రతిసారీ అదే సంఖ్య వస్తుంటే ప్రాసెసర్‌లో ఆ ఒక్క కోర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

అంతకు ముందే చూడాల్సింది ర్యామ్. ఎక్కువసార్లు దొంగ దొరికేది అక్కడే.

మొన్నటి వేసవిలో మా మేనల్లుడి కంప్యూటర్ ఇలాగే వేధించింది. మొదటి ఏడాది ఏ ఇబ్బందీ లేదు. చదువుకు మెమరీ చాలడం లేదని మరో రెండు ర్యామ్ కర్రలు తెచ్చి మిగిలిన స్లాట్లలో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి రోజుకో నీలి తెర, ప్రతిసారీ కొత్త పేరుతో. రాత్రి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌తో వెలిగించి ఇద్దరం ముందు కూర్చున్నాం. మొదటి పాస్ శుభ్రంగా గడిచింది. రెండో పాస్ సగంలో తప్పును చూపే ఒక ఎర్ర గీత పడింది. కాసేపటికి వరసగా పదకొండు. వాడి ముఖం చిన్నబోయింది. “అయితే ర్యామ్ పోయిందా మామయ్యా?” అన్నాడు. ఒక్కో కర్రనూ విడిగా పెట్టి చూశాం. నాలుగూ మంచివే, ఒక్క తప్పు లేదు. పాత రెండూ కలిపి పెట్టినా తప్పు లేదు. నాలుగూ కలిపి, ప్యాకెట్ మీద రాసిన 6000 వేగంతో నడిపితేనే ఎర్ర గీతలు వస్తున్నాయి.

కారణం ప్రాసెసర్‌లో ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్. వాడి రైజెన్ 7000 ప్రాసెసర్‌కు ఏఎండీ ఇచ్చిన లెక్క ప్రకారం రెండు డీడీఆర్5 కర్రలకు 5200 వేగం, నాలుగు పెడితే 3600 మాత్రమే. ఎక్స్‌పో, ఎక్స్‌ఎంపీ అని బయాస్‌లో ఉండే వేగాలు ఈ లెక్కకు మించినవి. అవి ర్యామ్ కంపెనీ హామీలే గానీ ప్రాసెసర్ కంపెనీవి కావు. రెండు కర్రలతో చాలావరకు నడుస్తాయి, నాలుగుతో చాలాసార్లు నడవవు. మేనల్లుడి నాలుగు కర్రలూ తీసేసి, ఎక్కువ సామర్థ్యం ఉన్న రెండు కర్రలు ఒకే ప్యాకెట్‌వి తెచ్చాం. ఆ తర్వాత నీలి తెర రాలేదు.

కాబట్టి పరిష్కారం ఈ వరసలో చేయండి. బయాస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ ఆపి రెండు రోజులు వాడండి. నిలకడ వస్తే కారణం దొరికినట్టే, వేగాన్ని ఒక మెట్టు దించి పెట్టుకోండి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే కర్రలుంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. పక్కపక్కన గుచ్చిన కంప్యూటర్లు ఎన్ని చూశానో. ఇంత చేసినా మెమ్‌టెస్ట్‌లో ఒకే కర్ర విడిగా తప్పు చూపితే దాన్ని వారంటీకి పంపండి. కొనేటప్పుడు మాత్రం భవిష్యత్తులో పెంచుకుందామని ఒక్క కర్ర తీసుకోవద్దు. కావలసినంత మెమరీని మొదటే రెండు కర్రల జతగా కొనండి.

పని చేస్తున్నప్పుడు బాగుండి, ఊరికే వదిలేసినప్పుడు రీస్టార్ట్ అవుతుంటే దారి వేరు. వీడియోలు చూసి, రైజెన్ వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ అనే బయాస్ సెట్టింగ్‌లో మైనస్ 30 పెట్టుకున్నవారికి ఇది తరచూ వస్తుంది. ప్రాసెసర్ విశ్రాంతిలో ఉన్నప్పుడు వోల్టేజీ మరీ కిందికి జారుతుంది. ఆ విలువను సున్నాకు తెచ్చి చూడండి.

ఆటలు మధ్యలో మూసుకుపోవడం, జిప్ ఫైళ్లు విప్పలేకపోవడం

పెద్ద ఆట తెరవగానే ‘వీడియో మెమరీ చాలదు’ అంటుంది. కార్డులో మెమరీ బోలెడు ఉంటుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ సగంలో ఆగిపోతుంది, బ్రౌజర్ ట్యాబులు వాటంతటవే పడిపోతుంటాయి. మీ ప్రాసెసర్ ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 గానీ, ఐ5-13600కే, 14600కే గానీ అయితే నేను మొదట చెప్పిన అరుదైన సందర్భం ఇదే కావచ్చు.

ఈ ప్రాసెసర్లు అవసరానికి మించిన వోల్టేజీ అడగడం వల్ల, వేడికి, వోల్టేజీకి లోపలి క్లాక్ సర్క్యూట్ ముందుగానే అరిగిపోతుందని ఇంటెల్ 2024లో తేల్చింది. చాలా బోర్డులు కంపెనీ చెప్పిన విద్యుత్ పరిమితులను ఎత్తేసి అమ్ముడవడం దీనికి తోడైంది. ఆ ఏడాది ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్‌లు, అంటే ప్రాసెసర్ లోపలి సూచనల సవరణలు, బయాస్ రూపంలో వచ్చాయి. బయాస్ కొత్తది ఎక్కించి, అందులో ‘ఇంటెల్ డీఫాల్ట్ సెట్టింగ్స్’ ఎంచుకోండి. ఇది ముందు జాగ్రత్త మాత్రమే, ఇప్పటికే అరిగిన ప్రాసెసర్‌ను బాగుచేయదు. లక్షణాలు మొదలైపోయి ఉంటే వారంటీ అడగండి. పెట్టెతో అమ్మిన ఈ మోడళ్లకు ఇంటెల్ వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. బిల్లు వెతికి పెట్టుకోండి. 12వ తరం వారికి ఈ భయం లేదు.

ఇలాంటి దెబ్బ అవతలి పక్షానికీ తగిలింది. 2023లో కొన్ని బోర్డులు ఎక్స్‌పో ఆన్ చేయగానే ఎస్‌ఓసీ వోల్టేజీని, అంటే మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లే వోల్టేజీని, పెంచేయడంతో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయాయి. ఏఎండీ ఆ వోల్టేజీని 1.3 వోల్టులకు కట్టడి చేస్తూ బయాస్ ఇప్పించింది. ఆ కాలంలో కొన్న బోర్డును మీరు ఒక్కసారి కూడా అప్‌డేట్ చేయకపోతే ఈ రోజే చేయండి. పాడు కాని దానిని ముట్టుకోవద్దనే మాట బయాస్ విషయంలో నేను ఒప్పుకోను. కరెంటు నిలకడగా ఉన్న వేళ చూసుకుని చేస్తే చాలు.

మొదట వేగం, పది నిమిషాలకు నత్తనడక

వీడియో ఎగుమతి పెట్టగానే దూకుడుగా మొదలై, తర్వాత వేగం సగానికి పడిపోతుంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు వేడులు చూడండి. ఒకటి ప్రాసెసర్‌ది, రెండోది వీఆర్‌ఎంది. వీఆర్‌ఎం అంటే సాకెట్ పక్కన ప్రాసెసర్‌కు విద్యుత్తు అందించే భాగాల వరస. ఐ9-14900కే పూర్తి వేగంలో 253 వాట్ల దాకా లాగుతుంది. హెచ్610 తరహా చవక బోర్డుల్లో చాలావాటికి ఆ వరస మీద లోహపు రెక్కలే ఉండవు. అవి వేడెక్కగానే బోర్డు ప్రాసెసర్ ముక్కుతాడు లాగుతుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం గదిలోనే 40 డిగ్రీలుంటే, అదంతా ఈ లెక్కకు కలుస్తుంది.

బయాస్‌లో విద్యుత్ పరిమితి తగ్గించడం తక్షణ ఉపాయం. వేగం కొద్దిగానే తగ్గుతుంది, నిలకడ వస్తుంది. ప్రాసెసరే వేడెక్కుతుంటే దానికీ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చి, కేబినెట్‌ను బల్ల గూట్లోంచి బయటికి తీయండి. రైజెన్ 5 5600 లాంటి ఏఎం4 సాకెట్ ప్రాసెసర్ల కూలర్ తీసేటప్పుడు మాత్రం ముందు కంప్యూటర్‌ను పావుగంట నడిపి వేడి చేయండి. తర్వాత స్విచ్ ఆపి, కూలర్‌ను అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా లేపండి. చల్లగా ఉన్నప్పుడు నిటారుగా లాగితే గట్టిపడిన పేస్ట్‌కు అంటుకుని ప్రాసెసరే సాకెట్‌లోంచి ఊడి వస్తుంది.

కరెంటు పోయిన ప్రతిసారీ రీస్టార్ట్, కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమనడం

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కంప్యూటర్ ఆగిపోతోందా? ఇన్వర్టర్ మీద ‘యూపీఎస్’, ‘ఎకో’ అనే స్విచ్ ఉందేమో చూడండి. ఎకోలో ఉంటే బ్యాటరీకి మారడం ఆలస్యమవుతుంది, ఎస్‌ఎంపీఎస్ అంతసేపు నిలబడలేదు. యూపీఎస్ వైపు జరపండి. అప్పటికీ ఆగితే ఎస్‌ఎంపీఎస్ నాసిరకమై ఉండవచ్చు.

కేబినెట్ తాకితే చేతికి జిల్లుమంటే ఎర్తింగ్ లేదు. ఎలక్ట్రీషియన్‌తో ప్లగ్గులో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టులకు మించి ఉంటే సరిచేయించాలి. ఎర్త్ తీగను న్యూట్రల్‌కు కలిపి ‘సరిపోయింది’ అనే వారిని ఆపండి, అది ప్రాణాపాయం.

చవకగా దొరికిన ఐ7 పదేపదే హ్యాంగ్ అవుతోంది

ఐ7 అనే పేరు చూసి మోసపోకండి, తరం చూడండి. ఐ7-2600 వచ్చింది 2011లో, ఐ7-3770 వచ్చింది 2012లో. వాటిని హెచ్61 బోర్డుల మీద బిగించి, కొత్త కేబినెట్‌లో పెట్టి అమ్ముతున్నారు. విండోస్ 11కు ఇంటెల్‌లో కనీసం 8వ తరం, టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కావాలి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇలాంటి కంప్యూటర్ మీద మరమ్మతుకు డబ్బు పెట్టవద్దు. ఎస్‌ఎస్‌డీ, మానిటర్ ఉంచుకుని, లోపలి బోర్డు, ప్రాసెసర్, డీడీఆర్3 ర్యామ్ మార్చేయండి. ఐ3-12100 కూడా ఆ పాత ఐ7ను దాటిపోతుంది.

ఇప్పుడు కొనేవారికి నేను చెప్పేది

పిల్లల చదువుకు, ఆఫీసు పనికి, ఒక మోస్తరు ఆటలకు 65 వాట్ల ప్రాసెసర్ చాలు. ఎక్కువ ఏళ్లు వాడాలనుకుంటే ఏఎం5 సాకెట్ నా ఎంపిక. ఏఎండీ దానికి 2027 దాకానైనా కొత్త ప్రాసెసర్లు తెస్తానని చెప్పింది. రైజెన్ 5 7600 పెట్టెలోనే కూలర్ వస్తుంది, లోపల చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి కార్డు లేకుండానే నడుస్తుంది. బడ్జెట్ బిగువుగా ఉంటే ఐ5-12400, డీడీఆర్4 బోర్డు. రెండిటికీ వీఆర్‌ఎం మీద లోహపు రెక్కలున్న, బీ650 లాగా పేరు ‘బీ’తో మొదలయ్యే బోర్డు తీసుకోండి. డబ్బు మిగిలితే ఖరీదైన బోర్డు మీద కాకుండా మంచి ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టండి.

బోర్డు పెట్టె తెరిచేటప్పుడు దుకాణం కౌంటర్ దగ్గరే సాకెట్ మూత తీయించి, ఫోన్ టార్చి పక్కవాటంగా వేసి చూడండి. పిన్నులన్నీ నాటిన వరిమడిలా వరస తప్పకుండా, ఒకే తీరున మెరవాలి. ఎక్కడైనా ఒక్క మెరుపు తప్పితే ఆ పిన్ను వంగిందన్నమాట. ఆ బోర్డు వద్దని అక్కడే చెప్పండి. ఇంటికి తెచ్చాక వంగిన పిన్ను చూపిస్తే, అది మీ చేతిలోనే వంగిందంటారు, వారంటీ ఇవ్వరు.