తోక ఊపుతూనే కరవబోతోందా? ముందు చెవి చూడండి

సమస్య: రోజూ ఒళ్ళో తల పెట్టి పడుకునే కుక్కే. తోక ఊపుకుంటూ దగ్గరికి వస్తుంది. తల నిమరబోతే గుర్రుమంటుంది, లేదా చేతి మీదికి వస్తుంది. ఇంట్లో అందరూ అనేది ఒకటే మాట: "చెప్పాపెట్టకుండా కరవబోయింది."

చెప్పే ఉంటుంది. మనం తోక ఒక్కటే చూశాం.

తోక ఊపడమంటే కుక్క హుషారుగానో ఉద్రేకంగానో ఉందని అర్థం, అంతే. సంతోషమని ఖాయం కాదు. నోరు వదులుగా తెరిచి, నడుము కూడా ఊగేలా వస్తే బెంగ లేదు. తోక నిటారుగా లేచి, బిర్రుగా, చివర మాత్రమే చకచకా ఆడుతుంటే చెయ్యి పెట్టొద్దు. కాళ్ళ మధ్యకి దిగిన తోక ఊగుతున్నా అది భయమే. పగ్ లాంటి చుట్టతోక జాతుల్లో తోకని పక్కనపెట్టి ఒళ్ళు చూడాలి.

చెయ్యి దగ్గరికి వెళ్తున్నప్పుడు మొహం చూడండి. పక్కకి తిప్పుకుంటుంది. ఎదురుగా తిండి లేకపోయినా ముక్కు నాక్కుంటుంది, నిద్ర రాకుండానే ఆవులిస్తుంది. కంటి మూల తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. ఆ తర్వాత నోరు మూసేసి, ఒళ్ళు బిగబట్టి, బొమ్మలా ఆగిపోతుంది. ఆ ఆగడం అర సెకనే ఉండొచ్చు. మన చెయ్యి ఆగాల్సింది అక్కడే. ఈ మెట్లన్నీ ప్రతిసారీ కనబడవు, కానీ ఆ బిగుసుకోవడాన్ని మాత్రం వదలొద్దు.

కారణం: వెన్ను నిమిరితే ఊరుకుని తల దగ్గరే ఇలా చేస్తుంటే, పొగరు అనుకునే ముందు నొప్పి అనుకోండి. అందులోనూ చెవి. "అన్నం బాగానే తింటోంది, బంతి తెస్తోంది, నొప్పెక్కడిది?" అన్న మాట దగ్గరే చాలామంది దారి తప్పుతారు. చెవి నొప్పి ఉన్న కుక్క తింటుంది, ఆడుతుంది కూడా. చాలాసార్లు తాకితేనే బయటపడుతుంది. కుక్క చెవి గొట్టం నిలువుగా కిందికి దిగి, లోపలికి మలుపు తిరుగుతుంది. పైనుంచి శుభ్రంగా కనబడ్డా మలుపు అవతల చీము ఉండొచ్చు. లాబ్రడార్, కాకర్ స్పానియల్ లాంటి వేలాడే చెవుల జాతుల్లో స్నానాల తర్వాత, వానాకాలంలో ఇది మరీ ఎక్కువ.

చూసే పద్ధతి: కుక్క తీరిగ్గా పడుకున్నప్పుడు, పైనుంచి కాకుండా మెడ పక్కనుంచి చెయ్యి పోనిచ్చి చెవి డొప్ప ఎత్తండి. రెండు చెవులూ పోల్చండి. ఎర్రదనం, ముదురు గోధుమరంగు గులిమి, పులిసిన వాసన, డొప్ప మడతల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. తల టపటపా విదిలించడం, ఒకవైపే వంచడం, వెనక కాలితో గోక్కుంటూ మూలగడం కూడా లెక్కలోకి వస్తాయి. బిగుసుకుంటే వెంటనే మానేసి పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పైకి ఏమీ కనబడకపోయినా, విదిలింపు ఆగకపోతే వెళ్ళాల్సిందే.

పరిష్కారం: కొబ్బరినూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యొద్దు. ఇయర్ బడ్ పెడితే గులిమి ఇంకా లోపలికి పోతుంది. మనుషుల నొప్పి మాత్రలు వెయ్యొద్దు, ఐబూప్రొఫెన్ కుక్కలకి ప్రమాదం. పోయినసారి మిగిలిన చుక్కలూ వద్దు: కర్ణభేరి చిల్లుపడి ఉంటే కొన్ని మందులు వినికిడికే దెబ్బ. డాక్టరు లోపల చూసి, గులిమిని మైక్రోస్కోపు కింద పెడితేనే అది ఫంగసో, బాక్టీరియానో, పురుగులో తేలుతుంది. దురద తగ్గగానే మందు ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. చెప్పినన్ని రోజులూ వెయ్యాలి.

చెవి మానాక కూడా కుక్క వెనక్కి జరుగుతుంటే మందు పనిచెయ్యలేదని కాదు. పైనుంచి వచ్చే చెయ్యంటే నొప్పి అని దాని బుర్రలో పడిపోయింది. రోజూ ఛాతీ మీద 3 సెకన్లు నిమిరి ఆపండి. అదే దగ్గరికి జరిగితే మళ్ళీ నిమరండి, మొహం తిప్పుకుంటే వదిలెయ్యండి. ప్రతిసారీ ఒక చిన్న ముక్క తిండి పెట్టండి. ఛాతీ నుంచి భుజానికి, అక్కడినుంచి మెడకి, ఆఖర్న చెవికి వెళ్ళండి. వారాలు పట్టొచ్చు.

గుర్రుమన్నందుకు మాత్రం కొట్టొద్దు, తిట్టొద్దు. గుర్రు ఆగుతుంది, నొప్పి ఆగదు. ఈసారి హెచ్చరిక లేకుండా పంటితోనే చెబుతుంది.

మిగతావి: గిన్నె దగ్గరే గుర్రుమంటే అది తిండి కాపలా, తినేటప్పుడు వదిలెయ్యండి. నోట్లో పుచ్చుపన్ను, మెడ నొప్పి కూడా తల దగ్గరే బయటపడతాయి, అదే డాక్టరు చూస్తారు. థైరాయిడ్, మెదడు జబ్బులు దీనికి కారణం కావడం అరుదు. ప్రవర్తన ఉన్నట్టుండి మారి, చొంగ కారుతూ, మింగలేకపోతుంటే మాత్రం రేబీస్ కావచ్చు, తాకకుండా, పిల్లల్ని దూరంగా ఉంచి డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

కుక్క పన్ను మన ఒంటికి గీసుకున్నా సరే, కారం, పసుపు పెట్టకుండా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి. పెంపుడు కుక్కే కదా, టీకా వేయించాం కదా అని ఆగొద్దు.