టమాటా కాయ రంగు తిరిగే దశలో నీరు పెట్టే పద్ధతి

టమాటా కాయ ఆకుపచ్చ రంగు వదిలి దోరకు వచ్చేసరికి దాని పరిమాణం దాదాపు పూర్తయి ఉంటుంది. ఆ తర్వాత జరగవలసింది రంగు రావడం, రుచి చిక్కబడటం. అందువల్ల పిందెలు ఊరే దశలో ఇచ్చినంత నీరు ఇప్పుడు అవసరం లేదు. పైగా అదే మోతాదు కొనసాగిస్తే పండు చప్పగా మారుతుంది. అయితే నీరు తగ్గించడం వేరు, మానేయడం వేరు. చేతికొచ్చిన కాయలు పాడయ్యేది ఎక్కువగా ఈ రెండింటినీ ఒకటిగా భావించిన చోటనే.

పండుతున్న కాయ తొక్కకు సాగే గుణం తగ్గుతుంది. నేల బాగా ఎండిన తర్వాత ఒక్కసారిగా పాదు నిండా నీరు పెడితే, వేళ్లు పీల్చిన నీరు కాయలోకి వేగంగా చేరి గుజ్జు ఉబ్బుతుంది. దానికి తగినంతగా సాగలేని తొక్క తొడిమ దగ్గర నుంచి నిలువుగానో, తొడిమ చుట్టూ వలయాలుగానో పగులుతుంది. కాబట్టి మొక్క బెట్టకు గురైందని తెలిసినప్పుడు లోటంతా ఒకే తడిలో తీర్చాలని చూడకుండా, కొద్దికొద్దిగా రెండు మూడు విడతల్లో నేలను తడపాలి.

నేలలో పెంచే మొక్కలకు సాధారణంగా వారానికి 25 నుంచి 40 మిల్లీమీటర్ల నీరు, అంటే చదరపు మీటరుకు 25 నుంచి 40 లీటర్లు, సరిపోతుంది. మొదటి గుత్తుల్లో రంగు తిరగగానే ఇందులో నాలుగో వంతు తగ్గించి, కొన్ని రోజులు మొక్క తీరును గమనించడం మంచిది. ఈ లెక్క కన్నా నేలనే ఎక్కువగా నమ్మాలి. మొక్క మొదలుకు కొంత దూరంలో 5 సెంటీమీటర్ల లోతు వరకు వేలు గుచ్చి చూసి, అక్కడ కూడా పొడిగా ఉంటేనే తడి ఇవ్వాలి. ఇసుక నేల త్వరగా ఆరుతుంది, బంకమట్టి నేల తేమను ఎక్కువ కాలం పట్టి ఉంచుతుంది. మండుటెండలో ఆకులు కాస్త వాడినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు, సాయంత్రానికి అవి తేరుకుంటాయి. తెల్లవారాక కూడా వాడి ఉండి, నేల పొడిగా ఉంటే మాత్రం ఆలస్యం చేయకూడదు.

పొదలా పెరిగి కాపంతా ఇంచుమించు ఒకేసారి ఇచ్చే రకాలకే ఈ తగ్గింపు పూర్తిగా పనికొస్తుంది. తీగలా ఎదుగుతూ పోయే రకాల్లో కింది గుత్తులు పండుతుండగానే పైన పూత, పిందె ఉంటాయి. కాల్షియం నీటితో పాటే కాయలోకి చేరుతుంది కనుక, తడి ఎక్కువతక్కువలైతే ఆ పిందెల అడుగున నల్లటి కుళ్లు మచ్చ ఏర్పడుతుంది. అటువంటి మొక్కలకు రుచి కోసం బెట్ట పెట్టడం కన్నా, తేమను నిలకడగా ఉంచడమే మేలని నా అభిప్రాయం. కుండీల్లోని మట్టి ఎండాకాలంలో ఒక్క రోజులోనే ఆరిపోతుంది కాబట్టి వాటికీ ఇదే వర్తిస్తుంది.

నీరు ఉదయం పూట, ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే పోయాలి. పైనుంచి చల్లితే మట్టి చింది, అందులోని తెగులు కింది ఆకులకు అంటుకుంటుంది. ఎండుగడ్డినో ఎండుటాకులనో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పాదులో పరిస్తే తేమలో హెచ్చుతగ్గులు బాగా తగ్గుతాయి. ఈ దశలో ఇంతకు మించి ఉపయోగపడే పని మరొకటి లేదనే చెప్పాలి.

ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ దాటితే ఎరుపు రంగు రావడం మందగిస్తుంది. ఆ ఆలస్యానికి కారణం ఎండే కనుక, దానిని సరిచేయాలని నీటిని పెంచడం వల్ల గానీ పూర్తిగా ఆపడం వల్ల గానీ ఫలితం ఉండదు.

పెద్ద వాన వచ్చే సూచన ఉంటే, రంగు తిరిగిన కాయలన్నిటినీ ముందే కోయాలి. అడుగున లేత గులాబీ ఛాయ కనిపించిన కాయ ఇంట్లో కూడా చక్కగా పండుతుంది. దానిని ఫ్రిజ్‌లో పెట్టకుండా, ఎండ తగలని చోట గది వేడిలోనే ఉంచాలి. వాన తర్వాత నేల లోపలి తేమ ఆరే వరకు తడి ఇవ్వకుండా, అప్పటికే పగిలిన కాయలుంటే కుళ్లకముందే కోసి వాడుకోవాలి.