కెమెరా కింద పడిందా? ముందు ఆన్ చేసి చూడకండి

మొన్న శ్రావణంలో ఒక పెళ్ళి, సరిగ్గా తలంబ్రాల టైంకి లెన్స్ మారుస్తుంటే నా 24-70 జూమ్ లెన్స్ చేతిలోంచి జారి మండపం మెట్టుకి కొట్టుకుని కిందకి దొర్లింది. గుండె ఆగినంత పనైంది. అయినా దాన్ని వెంటనే బాడీకి బిగించలేదు, ఎందుకంటే నాలుగేళ్ళ క్రితం ఇంకో లెన్స్ పడినప్పుడు అదే చేశా, మౌంట్ (లెన్స్, బాడీ ఒకదానికొకటి బిగుసుకునే రింగు) కాస్త వంగింది అని చూసుకోకుండా బలవంతంగా తిప్పేశా, లెన్స్‌తో పోవాల్సింది బాడీ మౌంట్ కూడా మార్చాల్సి వచ్చింది. అప్పుడు నేర్చుకున్నవే ఇవి, మీకు ఆ ఖర్చు రాకూడదని రాస్తున్నా.

పడింది బాడీ అయితే ఆఫ్ చేసి, కార్డు లైటు ఆరిపోయాక బ్యాటరీ తీసేయండి, కార్డు తీసి జేబులో పెట్టుకోండి. కెమెరా బాగు చేయించుకోవచ్చు గానీ ఆ పెళ్ళి ఫోటోలు మళ్ళీ రావు కదా. బ్యాటరీ సొట్టపోయినా ఉబ్బినట్టున్నా ఇంక దాన్ని చార్జింగ్ పెట్టొద్దు, లిథియం బ్యాటరీ అంటుకుంటే మామూలుగా ఉండదు. ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో ఫోన్‌తో ఫోటోలు తీసి పెట్టుకోండి, ఇన్సూరెన్స్ ఉంటే పనికొస్తాయి.

లెన్స్ ముందు రక్షణకి బిగించే గాజు, అదే యూవీ ఫిల్టర్, పగిలితే చాలామంది చేసే తప్పు, గుడ్డ తీసి తుడిచేయడం. చాలాసార్లు ఆ గాజు పొడే లెన్స్ మీద గీతలు పెట్టేది, దెబ్బ కాదు. లెన్స్‌ని బోర్లా పట్టుకుని ముక్కల్ని కిందకి రాలనివ్వండి, తర్వాత రబ్బర్ బుడ్డి నొక్కితే గాలి కొట్టే బ్లోయర్‌తో కొట్టండి, నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. ఫిల్టర్ రింగు బిగుసుకుపోతే వేళ్ళతో గట్టిగా నొక్కి తిప్పితే ఇంకా బిగుస్తుంది, ఎందుకంటే నొక్కినప్పుడు రింగు కోలగా అయిపోతుంది. వెడల్పాటి రబ్బర్ బ్యాండ్ చుట్టి, లేదా గిన్నెలు తోమే రబ్బర్ గ్లౌజు వేసుకుని, చుట్టూతా సమానంగా తేలిగ్గా పట్టుకుని తిప్పండి, చాలాసార్లు వచ్చేస్తుంది. రాకపోతే ప్లయర్ మాత్రం పట్టుకోకండి, సర్వీస్ వాళ్ళకి ఇచ్చేయండి. ఫిల్టర్ బిగించే లెన్స్ మర సొట్టపోయినా ఫోటోకి ఏం కాదు, ఫిల్టర్ ఎక్కదు అంతే.

ఇప్పుడు వెనకవైపు, అసలు చూడాల్సింది ఇదే. మౌంట్‌ని కంటికి ఎదురుగా అడ్డంగా పట్టుకుని చూడండి, ఎక్కడైనా వంకర ఉందా, స్క్రూ లేచిందా, ప్లాస్టిక్ మౌంట్ అయితే రెక్క విరిగిందా అని. నాదాంట్లో బంగారు రంగు కాంటాక్టుల (లెన్స్‌కీ బాడీకీ కరెంటు కలిపే చుక్కల) పక్కనే ఒక తలంబ్రం గింజ ఇరుక్కుంది, చుట్టూ పసుపు! అది అలాగే బిగించి ఉంటే ఆ పసుపు లోపల ఫోటో పడే సెన్సార్ మీదకి పోయేది. బ్లోయర్‌తో గింజ ఎగరగొట్టి, మైక్రోఫైబర్ గుడ్డకి ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది కాంటాక్టులు తుడిచా. కానన్‌లో ఎర్ర్ 01 అని వస్తే చాలామటుకు గొడవ ఈ కాంటాక్టుల దగ్గరే, ముందు తుడిచి చూడండి. బిగించేటప్పుడు రోజూ తిరిగినంత తేలిగ్గా తిరగాలి, ఏమాత్రం పట్టేసినట్టు అనిపించినా అక్కడితో ఆపేయండి.

ఊపితే లోపల టక్ టక్ అంటోందని కంగారు పడకండి. చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ ఉన్న లెన్సులూ, సెన్సార్ కదిలే కొన్ని మిర్రర్‌లెస్ బాడీలూ ఆఫ్‌లో ఉన్నప్పుడు మామూలుగానే అలా అంటాయి. మంచిగా ఉన్నప్పుడు ఒకసారి విని గుర్తు పెట్టుకుంటే మంచిది.

ఇంటికొచ్చాక న్యూస్ పేపర్ టెస్ట్ చేయండి. క్లాసిఫైడ్స్ పేజీ గోడకి ముడతలు లేకుండా అతికించి, ట్రైపాడ్ మీద కెమెరా గోడకి సూటిగా పెట్టి, అపెర్చర్ పూర్తిగా తెరిచి (అంటే అన్నిటికంటే చిన్న f నంబర్ పెట్టి), 2 సెకన్ల టైమర్‌తో తీయండి. నాలుగు మూలలూ జూమ్ చేసి ఒత్తులు, గుడులు స్పష్టంగా ఉన్నాయా చూడండి. నాలుగు మూలలూ కాస్త మెత్తగా ఉంటే అది లెన్స్ గుణం, ఒక మూల మాత్రం అలికేసినట్టుండి ఎదురు మూల బాగుంటే లోపల గాజు పక్కకి జరిగిందని, అది ఇంట్లో చేసే పని కాదు. జూమ్ లెన్స్ అయితే 24, 50, 70 అన్నింట్లోనూ చూడండి. బాడీ పడి ఉంటే తెల్ల గోడని 1/4000 సెకను షట్టర్ స్పీడ్‌లో కూడా ఒకటి తీయండి, ఒకవైపు నల్లగా వస్తే షట్టర్ దెబ్బతింది. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ ముందుకో వెనక్కో పోతే, మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఫోకస్‌ని కొద్దికొద్దిగా జరిపే సెట్టింగ్) ఉన్న మోడల్ అయితే సరిచేసుకోవచ్చు.

ముందు గాజు మీద సన్నటి గీత పడితే దిగులు పడొద్దు, ఎదురెండలో తప్ప దాదాపు కనపడదు, వెనక గాజు మీద పడితేనే బాధ.

ఫ్లాష్ పడితే మాత్రం ఎంత టాలెంట్ ఉన్నా విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన కూడా ఉండొచ్చు, సెల్స్ తీసేసినా కరెంటు అలాగే నిలవ ఉంటుంది, ఇది ప్రాణం మీదకి వచ్చే విషయం.

సర్వీస్‌లో కింద పడిందని నిజం చెప్పేయండి, దాచితే వాళ్ళు వేరేచోట వెతుకుతూ టైం పోతుంది. మామూలు వారంటీ పడిన దెబ్బకి రాదు, అందుకే ముందు ఎస్టిమేట్ రాయించుకుని తర్వాతే ఓకే చెప్పండి.

నా 24-70 పేపర్ టెస్ట్‌లో పాసైంది, నాలుగు మూలలూ బాగున్నాయి. ముందు మర సొట్టపోయింది గానీ బాగు చేయించలేదు, ముందు తొడిగే హుడ్ పెట్టుకుని వాడుతున్నా, కార్తీకంలో మూడు పెళ్ళిళ్ళు దాంతోనే తీశా.