ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఫ్లూయిడ్‌లో లోహపు రజను పేరుకోకుండా కాపాడుకోవడం

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోని ఫ్లూయిడ్ చేసే పని కందెనగా ఉండటంతో ఆగదు. ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ శక్తిని అందించేదీ, క్లచ్‌లను పీడనంతో బిగించేదీ, లోపలి వేడిని కూలర్ దాకా మోసుకుపోయేదీ అదే. కాబట్టి అందులో కలిసిన రజను ఫ్లూయిడ్ వెళ్లిన ప్రతిచోటికీ వెళుతుంది. ఫ్లూయిడ్‌ను ఏ క్లచ్‌కు పంపాలో నియంత్రించే వాల్వ్ బాడీలో జారుతూ కదిలే వాల్వులకూ వాటి రంధ్రాలకూ మధ్య ఉండే సందు వెంట్రుక మందానికి మించదు. ఆ సందులో రజను ఇరుక్కుంటే వాల్వు తడబడి, గేర్ ఆలస్యంగానో కుదుపుతోనో పడుతుంది. ఫ్లూయిడ్ దారులను విద్యుత్తుతో తెరిచి మూసే సోలెనాయిడ్లు స్వయంగా విద్యుదయస్కాంతాలు కనుక సన్నని ఇనుప పొడిని తమవైపు లాక్కుంటాయి.

గేర్లు, బేరింగులు, క్లచ్‌లలోని ఉక్కు పళ్లేల నుంచి ఇనుప రజను వస్తుంది. తిరిగే ఇరుసులను పట్టి ఉంచే బుష్‌ల నుంచి కంచు, కేసింగ్ నుంచీ వాల్వ్ బాడీ నుంచీ అల్యూమినియం రాలుతాయి. గేర్‌బాక్స్ అడుగున ఫ్లూయిడ్ నిలిచే పళ్లెమైన పాన్‌లోని అయస్కాంతం వీటిలో ఇనుమును మాత్రమే పట్టగలదు. అయస్కాంతం ఉంది కదా అని ఫ్లూయిడ్ మార్చకుండా వదిలేసేవారు ఈ ఒక్క సంగతిని మరిచిపోతున్నారని నా అభిప్రాయం.

రజను పుట్టుకనే తగ్గించడం అన్నింటికన్నా మేలు. ఫ్లూయిడ్ మట్టం తగ్గితే పంపు గాలిని పీలుస్తుంది, క్లచ్‌లు జారి అరుగుతాయి. మట్టం మరీ పెరిగినా తిరిగే భాగాలు దాన్ని చిలికి నురగ చేస్తాయి. బండి పూర్తిగా ఆగకముందే రివర్స్ నుంచి డ్రైవ్‌కు మార్చకూడదు. ఇంజిన్ ఆపి, ఇంజిన్ శక్తి అందే చక్రాలు నేలపై ఉండగా బండిని దూరం లాగించకూడదు. అలా లాగినప్పుడు చాలా గేర్‌బాక్సులలో పంపు తిరగదు, లోపలి భాగాలు మాత్రం ఫ్లూయిడ్ అందకుండానే తిరుగుతూ ఒరుసుకుపోతాయి.

ఇక ఫ్లూయిడ్ మార్చే పని. బండిని సమతలంలో స్టాండ్లపై నిలిపి, ఫ్లూయిడ్ చేయి కాలనంత గోరువెచ్చగా ఉన్నప్పుడు దించండి. పాన్ విప్పే ముందు దాని అంచునూ చుట్టుపక్కలనూ బ్రష్‌తో శుభ్రం చేయాలి, ఎందుకంటే బయటి ఇసుక లోపల పడితే అది కొత్త అరుగుదలకు దారితీస్తుంది. పాన్ దించాక వెంటనే తుడిచేయకండి. ముందు అయస్కాంతాన్ని శ్రద్ధగా చూడండి. దానిపై వేళ్ల మధ్య వెన్నలా నలిగిపోయే బూడిదరంగు ముద్ద పలుచగా ఉంటే అది మామూలు అరుగుదలే. గరగరలాడే ముక్కలు, సూదుల్లాంటి పోగులు, గేరు పంటి పెచ్చులు కనబడితే లోపల ఏదో భాగం విరుగుతోందని అర్థం. అప్పుడు కొత్త ఫ్లూయిడ్ పోసినంత మాత్రాన సమస్య తీరదు. పాన్ అడుగున మిగిలిన ఫ్లూయిడ్‌ను తెల్లని కాగితంపై పరిచి వెలుతురులో చూడండి. బంగారు రంగు మెరుపు బుష్‌ల కంచును సూచిస్తుంది. వెండిలా మెరుస్తూ అయస్కాంతానికి అంటని పొడి అల్యూమినియం కావచ్చు. నల్లని మడ్డి క్లచ్ లైనింగ్‌ది. ప్రతిసారీ ఒక ఫోటో తీసి, కిలోమీటర్ల లెక్కతో భద్రపరిస్తే రజను పెరుగుదల ఇట్టే తెలుస్తుంది.

అదనపు అయస్కాంతం పెట్టదలచినవారు దాని బలాన్ని మాత్రమే చూసి కొనకూడదు. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే శక్తి కోల్పోవచ్చు, గేర్‌బాక్స్ ఫ్లూయిడ్ ఆ వేడిని తరచూ దాటుతుంది. పైగా అవి పెళుసు, పెచ్చులూడితే ఆ ముక్కలే రజను అవుతాయి. వేడి విషయంలో ఫెర్రైట్ రకం లేదా ఎక్కువ వేడికి తగిన రకం నమ్మకమైనది. పాన్ బయట అంటించినది ఊడిపోతే అది పట్టి ఉంచిన పొడి అంతా ఒక్కసారిగా ఫ్లూయిడ్‌లో కలుస్తుంది కాబట్టి దాన్ని నేను సమర్థించను.

తుడవడానికి పీచు రాలని బట్టే వాడండి. ఫిల్టర్ మార్చేటప్పుడు పాత సీల్ రంధ్రంలోనే ఉండిపోయిందేమో చూడండి. పాన్ అంచు కారకుండా అడ్డుకునే గ్యాస్కెట్ ఆనే అల్యూమినియం అంచును లోహపు బ్లేడుతో గీకితే మీరే రజను చేసినవారవుతారు. ప్లాస్టిక్ గీకుడు చాలు. బోల్టులను ఎదురెదురుగా, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) మాత్రమే బిగించండి. కొత్త ఫ్లూయిడ్‌ను శుభ్రమైన గరాటుతో, తయారీదారు చెప్పిన రకమే పోసి, చెప్పిన వేడి వద్దే మట్టం సరిచూడండి. ఒకసారి దించితే చాలా గేర్‌బాక్సులలో సగం వరకే బయటికి వస్తుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ కూలర్‌లోనూ ఉంటుంది. అందుకే కొంతదూరం నడిపి, రెండు మూడుసార్లు మార్చడం మంచిది.

పాన్‌లోని ఫిల్టర్ పంపుకు ముందు ఉంటుంది కనుక పంపుకు ఫ్లూయిడ్ కొరత రాకుండా దాని రంధ్రాలను కాస్త పెద్దవిగానే ఉంచుతారు. సన్నని పొడిని ఆపాలంటే కూలర్ నుంచి తిరిగివచ్చే గొట్టంలో, మూసుకుపోయినా ఫ్లూయిడ్‌కు దారి ఇచ్చే వాల్వు కలిగిన ఫిల్టర్‌ను బిగించుకోవచ్చు. ఒకసారి గేర్‌బాక్స్ చెడి మరొకటి వేయించినవారికి ఇది మరీ అవసరం. పాత గేర్‌బాక్స్ రాల్చిన ముక్కలు కూలర్ సన్నని దారుల్లో దాగి ఉండి, మొదటి ప్రయాణంలోనే కొత్త గేర్‌బాక్స్‌లోకి చేరతాయి. అందుచేత ఆ సమయంలో కూలర్‌ను పూర్తిగా కడిగించాలి, కడిగినా శుభ్రపడని రకమైతే కొత్తది వేయించాలి, పాత టార్క్ కన్వర్టర్‌ను మాత్రం తిరిగి వాడకూడదు.