ప్రార్థన రాని రోజుల్లో

మా ఆయన పోయాక నాకు ప్రార్థన రాలేదు. మోకాళ్లూనితే ఏడుపే. "విశ్వాసం పెంచుకోవాలమ్మా" అన్న ఓదార్పులు మరీ బరువు.

దారి చూపింది బైబిల్లోని మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. చావు కోరుకుని బదరీ వృక్షం కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకున్నాడు ఏలీయా. రెండోసారి లేపినా తినమనే! దేవుని పర్వతమైన హోరేబుకు ప్రయాణం, దేవుడితో మాటలు ఆ తర్వాతే.

నేనూ ఆ వరుసే పట్టాను: ముందు వేళకు అన్నం, నిద్ర. సొంత మాటలు రాకపోతే 88వ కీర్తన పైకి చదివేదాన్ని. అది చీకటిలోనే ముగుస్తుంది, బలవంతపు ఆశ అతికించదు, అందుకే నమ్మబుద్ధయింది. ఆదివారం వెనక వరుసలో కూర్చుని అందరి పాట వినేదాన్ని. ఇప్పుడు నేనూ గొంతు కలుపుతున్నాను. డాక్టరు ఇచ్చిన మాత్రలు మాత్రం ఆపలేదు.