చక్రం తిరిగినా బొమ్మ తలకిందులు కాకుండా బైక్‌కి గేర్లు బిగించడం ఎలా?

ముందు చక్రం మీద గేర్లు తిరిగే షో బైక్ దగ్గర జనం ఎలాగూ ఆగుతారు. ఆ గేర్లకున్న బొమ్మలు చక్రంతో పాటు చుట్టూ తిరుగుతూ కూడా నిటారుగానే ఉంటే ఇక అక్కణ్నుంచి కదలరు. దీనికి మోటారు, బ్యాటరీ ఏవీ అక్కర్లేదు. రోల్స్ రాయిస్ కార్లలో చక్రం మధ్యనున్న అక్షరాలు నిటారుగా నిలవడానికి లోపల బరువు పెడతారు. బైక్‌కి ఆ తంటా లేదు. ముందు చక్రం యాక్సిల్ (ఇరుసు) చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కి బిగిసి, కదలకుండా ఉంటుంది కదా, దాన్నే వాడుకుందాం.

కిటుకు ఇదీ: మధ్యలో కదలని గేర్, బయట సరిగ్గా అన్నే పళ్లున్న గేర్, రెంటికీ నడుమ ఇంకో గేర్. నడుమ, బయటి గేర్లను మోసే ప్లేటు చక్రంతో తిరుగుతుంది. అప్పుడు బయటి గేర్ చుట్టూ తిరిగొస్తుందే తప్ప దాని ముఖం పక్కకు వాలదు. 18వ శతాబ్దంలో స్కాట్లండ్‌కు చెందిన ఖగోళ శాస్త్రవేత్త జేమ్స్ ఫెర్గూసన్ ఈ కిటుకుతోనే ఒక యంత్రం చేశాడు.

ముందే ఒక మాట. ఇది ప్రదర్శనకే, రోడ్డుకి కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 మార్పులకు హద్దులు పెట్టింది. దాటితే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు.

కొలతలు. బ్రేక్ లేని వైపే పని చేయండి. హబ్‌కీ (చక్రం నడిమి భాగం) ఫోర్క్‌కీ మధ్య ఖాళీ ఎంతుందో వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పనిముట్టు) చూడండి. ప్లేటు, గేర్లు, బోల్టు తలలు అన్నీ అందులోనే ఇమడాలి. చాలామంది ప్లాన్ ఇక్కడే ఆగిపోతుంది.

గేర్ల లెక్క. మాడ్యూల్ (గేర్ వ్యాసాన్ని పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది) 2 తీసుకుందాం. మధ్య, బయటి గేర్లకు 30 పళ్లు, అంటే 60 మి.మీ. వ్యాసం. నడుమ గేర్‌కి 20 పళ్లు, 40 మి.మీ. ఒక గేర్ సెంటర్ నుంచి పక్క గేర్ సెంటర్‌కి 50 మి.మీ. వస్తుంది. దానికి 0.2 మి.మీ. కలపండి, లేకపోతే పళ్లు బిగుసుకుపోతాయి. నడుమ గేర్, బయటి గేర్ కలిసిన ఇలాంటి జతలు మూడు, 120 డిగ్రీలకొకటి. మూడూ ఒకే బరువుంటే చక్రం బ్యాలెన్స్ చెడదు. ముందు అట్టతోనో అక్రిలిక్‌తోనో నమూనా చేసి తిప్పి చూడండి.

లోహం. ఇత్తడి మెరుపు చూసి మోసపోకండి. 5 మి.మీ. మందం ఉన్న 60 మి.మీ. గేర్ ఇత్తడిదైతే 120 గ్రాములు తూగుతుంది, అల్యూమినియంది 40 గ్రాములు దాటదు. చక్రం గంటకు 60 కి.మీ. వేగంతో తిరిగితే బయటి గేర్ తన బరువుకి దాదాపు 30 రెట్ల బలంతో బయటికి లాగుతుంది. ఇత్తడి గేర్ అంటే, అది తిరిగే పిన్ను మీద మూడున్నర కిలోలు! అందుకే నా ఓటు అల్యూమినియానికే. నడుమ గేర్ డెల్రిన్‌తో (గట్టి ప్లాస్టిక్) చేయించండి, చప్పుడు తగ్గుతుంది.

బిగింపు. మధ్య గేర్‌ని యాక్సిల్ స్పేసర్ (హబ్‌కీ ఫోర్క్‌కీ నడుమ యాక్సిల్ మీదుండే గొట్టం) మీద తొడిగి గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) వేయండి. స్పేసర్ పొడవు మార్చొద్దు, ఆయిల్ సీల్ తగిలే చోటు ముట్టుకోవద్దు. హబ్‌కి రెండు వైపులా డిస్క్ బోల్టు రంధ్రాలుంటే ప్లేటు అక్కడే కూర్చుంటుంది. లేకపోతే లేత్ షాపులో హబ్ కొలతకి రెండు ముక్కల క్లాంప్ చేయించుకోండి. హబ్‌కి కొత్తగా డ్రిల్ మాత్రం వేయొద్దు. పిన్నులకు సర్‌క్లిప్ (గేర్ జారిపోకుండా ఆపే రింగు), బోల్టులకు నైలాక్ నట్ (అదురుకి ఊడని నట్) తప్పనిసరి. ఎవరి వేలూ పళ్ల మధ్య పడకుండా పైన పాలికార్బొనేట్ (గట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్) మూత వేయండి.

బొమ్మలు. గేర్లన్నీ కూర్చున్నాకే, మూత వేయకముందు, బైక్‌ని స్టాండ్ మీద నిలబెట్టి మూడు బొమ్మల్నీ నిటారుగా చూసుకుని స్క్రూలు బిగించండి. చేత్తో చక్రం నెమ్మదిగా తిప్పండి. మూడూ ఒకేలా వాలుతుంటే మధ్య గేర్ స్పేసర్ మీద జారుతోందని అర్థం. ఒక్కటే వాలితే ఆ జతలో ఏదో గేర్ పన్ను దాటింది.