కువైట్‌కు కొత్తగా వచ్చే కడప వాళ్లకు: అంటురోగం వేళ మనసు జాగ్రత్తలు

రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు, పుల్లంపేట, చిట్వేలి వైపు ఏ ఊళ్లో అడిగినా కువైట్ గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. అకామా (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి) ఎప్పుడు కొడతారు, దీనారుకు ఎంత పలుకుతోంది, ఏ కంపెనీలో ఓవర్‌టైం దొరుకుతుంది, అన్నీ చెబుతారు. గది తలుపులు మూసుకుని వారాల తరబడి కూర్చోవలసి వస్తే మనసు చెదిరిపోకుండా ఎలా చూసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. కరోనా పోయింది కదా, ఇప్పుడెందుకు ఈ మాటలు అనుకోవచ్చు. అంటురోగాలు ముహూర్తం చూసుకుని రావు. వచ్చాక నేర్చుకోవడానికి తీరిక ఉంటుంది కానీ ఓపిక ఉండదు.

ముందు 2020లో ఇక్కడ కువైట్‌లో ఏం జరిగిందో తెలుసుకోండి. ఫిబ్రవరి 24న తొలి కేసులు బయటపడ్డాయి. మార్చి 13 నుంచి విమానాలు ఆగిపోయాయి. మార్చి 22 నుంచి సాయంత్రం 5 మొదలు తెల్లవారుజామున 4 దాకా కర్ఫ్యూ. ఏప్రిల్‌లో మనవాళ్లు కిక్కిరిసి ఉండే జలీబ్, మహబూలా ప్రాంతాలను చుట్టూ కట్టుదిట్టం చేసి మూసేశారు. మే 10 నుంచి 30 దాకా దేశమంతటా పూర్తి కర్ఫ్యూ. కాస్త నడవడానికి సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర వరకే అనుమతి. సరుకులు తెచ్చుకోవాలన్నా బతాకా (ఇక్కడి గుర్తింపు కార్డు) నంబరుతో ముందుగా సమయం తీసుకోవాలి. ఆ తర్వాత విమానాలు మొదలైనా భారత్ నుంచి నేరుగా రానివ్వలేదు. సెలవుపై ఊరికి వెళ్లినవాళ్లు దుబాయిలాంటి మరో చోట 14 రోజులు గడిపి రావలసి వచ్చింది. అకామా గడువు అక్కడే తీరిపోయి తిరిగి రాలేకపోయినవాళ్లూ ఉన్నారు.

ఇన్ని జరిగినా, రోగం సోకుతుందన్న భయమే మనుషుల్ని ఎక్కువగా కుంగదీసిందని నేను అనుకోను. నిద్ర పట్టనివ్వనివి వేరే ఉన్నాయి. జీతం వస్తుందా? అకామా ఉంటుందా? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు సంగతేమిటి? ఇంట్లో వాళ్లు నిజంగా బాగున్నారా, బాగున్నామని చెబుతున్నారా? వీటిలో సగం చేతితో చక్కబెట్టగల పనులు. వాటిని వదిలేసి ఊరికే ధైర్యంగా ఉండమని చెప్పడం వల్ల ఎవరికీ ధైర్యం రాదు.

బయలుదేరే ముందు

కాగితాలు సరిగ్గా ఉన్నవాడికి మనసు సగం తేలిక. పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం ఫోటోలు తీసి మీ ఫోనులో ఒకటి, ఇంట్లో నమ్మకమైన మనిషి ఫోనులో ఒకటి ఉంచండి. కువైట్ చేరాక బతాకా ఫోటో కూడా పంపండి. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోవడం ఇక్కడి చట్టం ఒప్పుకోని పని. అయినా చాలా ఇళ్లలో జరుగుతూనే ఉంది కనుక నకలు తప్పనిసరి. ఈసీఆర్ (విదేశీ పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి అవసరమైన) పాస్‌పోర్టు మీద వచ్చే కూలీలకు, ఇంటి పనివాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆ పాలసీ కాగితం ఏజెంటు దగ్గరే ఉండిపోతే కుటుంబానికి అక్కరకు రాదు. అడిగి తీసుకోండి.

అప్పు సంగతి. మొదటి ఏడాది ఇంటికి పంపే డబ్బు ఇంత అని ఒక అంకె అనుకుని, దానిలోంచి రెండు నెలల తిండి ఖర్చు విడిగా తీసి పెట్టుకోండి. కువైట్‌లో కొడుకు ఉన్నాడన్న ధీమాతో ఊళ్లో ఇంకో అప్పు తేవడం, ఉన్న బంగారం కుదువ పెట్టి స్లాబు వేయించడం మన దగ్గర మామూలే. ఆ పని ఏడాది ఆగమని వెళ్లేముందే గట్టిగా చెప్పండి. రేపు జీతం ఆగితే అప్పిచ్చినవాడికి మీరే ముందుగా ఫోన్ చేసి గడువు అడగండి. అతను ఇంటి గడపకు వచ్చి అడిగితే అమ్మ పడే అవమానం మీ చెవికి చేరేసరికి పదింతలవుతుంది.

ఫోను

ఇక్కడి గడియారం మన దేశానికి రెండున్నర గంటలు వెనక. డ్యూటీ దిగి రాత్రి 11 గంటలకు తీరిగ్గా మీరు ఫోన్ చేస్తే కడపలో ఒంటిగంటన్నర. ఆ వేళ ఫోన్ మోగితే ఇంట్లో అందరూ లేచి కూర్చుంటారు; మీరు హలో అనేలోపే వాళ్ల గుండె జారిపోతుంది. అంటురోగం రోజుల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే రోజూ ఒకే వేళ పెట్టుకోండి. ఇక్కడ రాత్రి ఏడు గంటలు, అక్కడ తొమ్మిదిన్నర, ఇద్దరికీ కుదురుతుంది. ఆ వేళ కాకుండా వచ్చే ఫోన్ అత్యవసరమైనదేనని ఇరువైపులా అనుకుంటే మిగతా ఇరవై మూడు గంటలు ఫోను వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు.

ఏం మాట్లాడాలన్నది అంతకన్నా పెద్ద చిక్కు. మనవాళ్లు ఒకరినొకరు కాపాడుకోవడానికి అబద్ధాలాడతారు. నాన్నకు జ్వరం వచ్చినా చెప్పరు. వీడికి పని పోయినా చెప్పడు. రెండు వైపులా ‘అంతా బాగుంది’ అంటూనే గొంతులో తేడా పట్టుకుని రాత్రంతా లెక్కలు వేసుకుంటారు. దాచడం వల్ల భయం తగ్గడం నేనెక్కడా చూడలేదు. విషయం చెప్పండి, దాంతోపాటు ఏం చేస్తున్నారో కూడా చెప్పండి. “జ్వరం వచ్చింది, పరీక్ష చేయించాం, డాక్టరు ఈ మందులిచ్చాడు, రేపు మళ్లీ చెబుతాం” అంటే దూరాన ఉన్నవాడికి పట్టుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. వెళ్లేముందే ఇంట్లో వాళ్ల దగ్గర మాట తీసుకోండి: మంచైనా చెడైనా దాచరని, ఎవరు చెప్పాలో ఆ ఒక్కరే చెబుతారని. ఊళ్లో ముగ్గురు మూడు రకాలుగా చెబితే మనసు అన్నిటికన్నా చెడ్డదాన్నే నమ్ముతుంది.

గదిలో

ఆరుగురు ఉండే గది, రెండంతస్తుల మంచాలు మూడు. కింది మంచం మనిషి దుప్పటిని తెరలా కట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంటాడు. నిద్రపోతున్నాడని మిగతావాళ్లు అనుకుంటారు. తెర సందులోంచి ఫోన్ వెలుగు మాత్రం నీలంగా కదులుతూనే ఉంటుంది. ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరు పోయారో, ఏ ఆసుపత్రిలో మంచాలు లేవో, ఎవరో ఏదో అన్న ఆడియో ఒకటి, వాటినే పైకీ కిందికీ జరుపుతూ ఉంటాడు. పొద్దున పలకరిస్తే తలనొప్పి అంటాడు. చాయ్ మీద చాయ్ తాగుతాడు. రెండు రోజుల తర్వాత అన్నం సగంలో వదిలేస్తాడు. వారం తిరిగేసరికి కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవరితోనో గొడవ పడతాడు. గొడవ ఉప్పు గురించి కాదని ఆ గదిలో ఒక్కరికైనా అర్థం కావాలి.

అలాంటి మనిషికి నీతులు చెప్పకండి, పని చెప్పండి. వంట వంతు ఇవ్వండి, సంగటి కెలకమనండి, చెనిక్కాయల పొడి దంచమనండి. ఇద్దరూ మేడ మీదకు ఎక్కి సాయంత్రం ఎండ తగ్గాక అరగంట నడవండి. చేతులకు పని ఉన్నంతసేపు బుర్ర ఊహల వెంట అంత దూరం పోదు. మీరే ఆ మనిషైతే వార్తలకు రోజుకు ఒకే వేళ కేటాయించండి, అదీ కువైట్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రకటన వరకే. పడుకునే ముందు వద్దు. ఎవరు పంపారో తెలియని ఆడియోలను ముందుకు తోయకండి. పుకార్లు పంచితే ఇక్కడ కేసు కూడా అవుతుంది. చాయ్, కాఫీ, ఎనర్జీ డ్రింకులు మధ్యాహ్నంతో ఆపేయండి. అసలే దడగా ఉన్న గుండెను అవి ఇంకా పరిగెత్తిస్తాయి.

ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా ఛాతీ బిగుసుకుపోయి, ఊపిరి ఆడనట్టయి, చేతివేళ్లు తిమ్మిరెక్కి, ఇక చనిపోతానేమో అనిపిస్తుంది. భయంలో గబగబా ఊపిరి తీయడంతో రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి ఆ తిమ్మిరి వస్తుంది. ఈ భయపు పోటు సాధారణంగా పది నిమిషాల్లో పతాక స్థాయికి చేరి తర్వాత తనంతట తానే దిగుతుంది. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదిలే శ్వాసే పొడవుగా ఉండాలి. కళ్లకు కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి: ఫ్యాను, బకెట్టు, తువ్వాలు, బియ్యం బస్తా, చెప్పులు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ పనిచేస్తుంది. అయితే ఊపిరితిత్తుల జబ్బు తిరుగుతున్న రోజుల్లో ప్రతి ఆయాసాన్నీ భయం ఖాతాలో వేయకూడదు. గదికి ఒక ఆక్సీమీటరు (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) కొనుక్కోండి. అంకె 94 కంటే తగ్గినా, ఛాతీ నొప్పి చేతికి, దవడకు పాకి చెమటలు పట్టినా ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయండి. అంకె 98 చూపిస్తుంటే అదే సగం మందు. గంటకోసారి మాత్రం వేలికి తగిలించుకోకండి.

మందు తాగితే నిద్ర పడుతుందని చెప్పేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. కువైట్‌లో మద్యం నిషేధం కాబట్టి దొరికేదంతా దొంగసరుకే. 2025 ఆగస్టులో మిథనాల్ కలిసిన కల్తీ మద్యం తాగి 23 మంది చనిపోయారు, కొందరికి చూపు పోయింది. అలాగే ఊరి నుంచి నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు ఎవరో ఇచ్చారని తేకండి. మత్తు మందుల జాబితాలో ఉంటే విమానాశ్రయంలోనే జైలు పాలవుతారు. డాక్టరు రాసిన మందే అయినా చీటీతో పాటు ఉండాలి, తీసుకురావచ్చో లేదో ముందే భారత రాయబార కార్యాలయాన్ని అడగాలి.

ఇంటి పనికి వచ్చే అక్కచెల్లెళ్లకు

గదిలో ఆరుగురు ఉండడం కష్టమే కానీ, పరాయి ఇంట్లో ఒక్కతే ఉండడం అంతకన్నా కష్టం. అంటురోగం వస్తే ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉంటారు. వంట, గిన్నెలు, తుడవడం రెండింతలు. శుక్రవారం సెలవు పోతుంది. బయట ఒక తెలుగు మాట వినే వీలుండదు. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. అది అమలయ్యే ఇళ్లూ ఉన్నాయి, కాని ఇళ్లూ ఉన్నాయి. కనీసం ఫోన్ మాట్లాడుకునే వేళను మొదటి వారంలోనే ఇంటి మామాతో (ఇక్కడ యజమానురాలిని అలాగే పిలుస్తారు) అనుకుని ఖాయం చేసుకోండి. మొదట్లో మొహమాటపడి ఊరుకుంటే తర్వాత అడగడం కష్టం.

మీరు తెలుగులో ఏం మాట్లాడినా ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాదు, ఏడుపు మాత్రం అందరికీ అర్థమవుతుంది. ఏడిస్తే ఫోన్ లాక్కునే ఇళ్లుంటాయి. కాబట్టి ఇంట్లో వాళ్లతో ఒక గుర్తు మాట అనుకుని రండి. మామూలు గొంతుతో “బర్రె ఈనిందా?” అని అడిగితే ఇక్కడ ప్రమాదంలో ఉన్నానని వాళ్లకు తెలియాలి. తెలిసిన వెంటనే వాళ్లు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్లో ఫిర్యాదు పెట్టవచ్చు, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీని కదిలించవచ్చు. తట్టుకోలేక ఇల్లు వదిలి తెలిసినవాళ్ల గదికి పోతే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) మీరు పారిపోయారని కేసు పెడతాడు, ఆ తర్వాత ఊరికి పోవడమే కష్టమవుతుంది. బయటపడక తప్పకపోతే నేరుగా భారత రాయబార కార్యాలయానికే వెళ్లండి. ఇంటి పనివాళ్లకు అక్కడ ఆశ్రయం ఉంది.

చావు కబురు వస్తే

దీనికి సిద్ధపడడం ఎవరివల్లా కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడున్న చాలామంది తల్లిదండ్రుల అంత్యక్రియలు ఫోన్ తెరపైనే చూశారు. కొందరు చూడలేక ఫోన్ తిప్పేశారు. రెండూ తప్పు కాదు. చూడాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం, పక్కవాళ్లు బలవంతం చేయకూడదు. ఆ రాత్రి మనిషిని ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చుంటే చాలు, ఓదార్పు మాటలు వెతుక్కోనక్కర్లేదు. ఇక్కడి నుంచే పదకొండో రోజున అన్నం వండి గదిలో పదిమందికి పెట్టినవాళ్లున్నారు, గదిలోనే దువా చేసుకున్న కడప సాయిబులున్నారు. ఎంత చిన్న తంతు అయినా జరిపించండి. జరిపించనివాళ్లు సెలవుపై ఊరికి వెళ్లి ఖాళీ మంచం చూసి కుప్పకూలడం విన్నాను.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

రెండు వారాలకు పైగా నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, పని మీద చెయ్యి ఆడకపోయినా అది ఇక ఊరికే బెంగ కాదు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగాల్సిన పని లేదు, ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. ‘పిచ్చి’ ముద్ర పడుతుందని, కంపెనీకి తెలిస్తే పంపించేస్తారని వెనుకాడతారు. కరోనా మొదటి ఏడాదిలో ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఇందులో మీరొక్కరే కాదు. ముందు మీ పరిధిలోని ప్రభుత్వ క్లినిక్‌కు బతాకా తీసుకుని వెళ్లండి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి రాసిస్తారు. భాష రాకపోతే హిందీ వచ్చిన స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లండి. ‘దిల్ ఘబ్రాతా హై’ (గుండె దడగా ఉంది) అన్నంత మాత్రాన గుండె మాత్రలు తీసుకుని రాకండి. నిద్ర, ఆకలి, భయం మూడూ విడివిడిగా చెప్పించండి.

ఇంట్లో వాళ్ల మనసు కూడా మనసే. వాళ్లకు 14416 నంబరు రాసి ఫోను దగ్గర పెట్టి రండి. అది మనసు బాధలకు ఫోనులో సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. భారతదేశంలో ఉన్నవాళ్లకు ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. కువైట్‌లో మీకు మందులు మొదలైతే కాస్త బాగుందనగానే ఆపేయకండి. సెలవుపై ఊరికి వెళ్లేటప్పుడు చీటీ, మందు పేరు, మోతాదు ఆంగ్లంలో రాయించుకుని తీసుకెళ్లి రిమ్స్‌లో చూపిస్తే అక్కడా అదే మందు కొనసాగిస్తారు.